రక్షణ నిశ్చయత: మూడు తెలుగు పదముల విమర్శ

తెలుగు క్రైస్తవ వాఙ్మయమనగానే మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమును, పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలను, 1964లో సాహిత్య అకాడమీ బహుమానము నందిన జాషువ క్రీస్తుచరిత్రమును స్మరించుట మన పరిపాటి. ఈ కృతులకు గౌరవస్థానము చెల్లవలసినదే. కాని వీనికంటె నెక్కువమంది నోట నానినదియు, రోగిశయ్యకడను శ్మశానవాటికయందును చదువబడునదియు నగు వచనము వేఱొకటి కలదు. అది తెలుగు బైబిలు వచనము. దానిని మతగ్రంథమని విశ్వాసులకు విడిచి, భాషాకృతిగా పరిశీలింపకుండుట మన లోపమని మా యభిప్రాయము. అంత్యదినమున తీర్పు కలదని నమ్మినవాడు, ఆ తీర్పునకు ముందే తాను రక్షింపబడితినని నిశ్చయముగా చెప్పగలడా? ఈ ప్రశ్నకు ఆ వచనమందలి మూడు పదములు, అనగా తీర్పు, సంచకరువు, ధైర్యము అనునవి, ఎట్లు సమాధానము చెప్పుచున్నవో విమర్శించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ పరిశీలనమునకు హైదరాబాదు తూర్పుభాగమగు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములను మేము గ్రహించుటకు హేతువు కలదు. విజయవాడ రహదారి నగరము ప్రవేశించు త్రోవ యిదియే. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు మండలములనుండి వచ్చినవా రనేకులు ఇచట స్థిరపడిరి. వారితోడ వారివారి సంఘములును, పాటల పుస్తకములును వచ్చినవి. అదిగాక, పై పదములకు లౌకికార్థము నిచ్చు వ్యవహారములన్నియు నిచటనే నిత్యము జరుగుచున్నవి. ఎల్.బి.నగరులో రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములు కలవు. అచట తీర్పు వినుటకు వచ్చినవారు వరండాలలో నిలిచియుందురు. చుట్టుప్రక్కల నివేశనస్థలముల క్రయవిక్రయములకు కొదువ లేదు. దిల్‌సుఖ్‌నగరులోని శిక్షణసంస్థలలో యువకులు పరీక్షాఫలితములకై నిరీక్షించుచుందురు. ఆదివారమునాడు ప్రార్థనామందిరమున వినబడు పదము, సోమవారమునాడు వీథిలో వేఱొక యర్థమున వినబడును. శ్రోత యీ రెంటిని కలిపియే గ్రహించును.

మొదటిది తీర్పు. తీరు ధాతువునకు ముగియుట యర్థము. దాని ప్రేరణరూపమైన తీర్చు మన భాషలో ననేకవిధముల వాడబడును. అప్పు తీర్తుము, దప్పి తీర్తుము, తగవు తీర్తుము, ముగ్గు తీర్తుము. విశ్వాసమువలన మనుష్యుడు నీతిమంతుడుగా తీర్చబడునని అనువాదకులు వ్రాసిరి. మూలమందలి గ్రీకుపదము న్యాయస్థానమునకు సంబంధించినది. నిర్దోషియని ప్రకటించుట దాని ప్రధానార్థము. ప్రకటించుట మాత్రమేనా, లేక నీతిమంతునిగా రూపొందించుటయు నందున్నదా యని పాశ్చాత్య సంఘములు శతాబ్దములు వాదించుకొనినవి. లూథరు మార్గమువారు ప్రకటననే నొక్కి చెప్పిరి. కథోలిక సంఘము 1547లో ట్రెంటు మహాసభయందు ఆంతరంగిక పరివర్తనమును గూడ చేర్చి నిర్ణయించెను. విశేషమైన దైవప్రకటన లేక, కడవఱకు నిలుతునని యెవడును నిస్సంశయముగా తలపరాదనియు శాసించెను. తెలుగు క్రియయందు ఈ రెండర్థములకును చోటు గలదు. తగవు తీర్చుట ప్రకటన. ముగ్గు తీర్చుట రూపకల్పన. అప్పు తీర్చుట యను మూడవ యర్థము సిలువసిద్ధాంతమునకు మిక్కిలి సన్నిహితము. అంతేకాదు, భయహేతువగు తీర్పును, అభయహేతువగు తీర్చబడుటయు నిచట నొక్క ధాతువునుండియే పుట్టినవి. మూలభాషలో ఆ రెంటికి ధాతువులు వేఱు. ఇది యనువాదకుల బుద్ధిపూర్వక యత్నమో, భాష యొసగిన భాగ్యమో కాని, తెలుగు శ్రోతకు మాత్రము లాభమే.

రెండవది సంచకరువు. పౌలు లేఖలలో పరిశుద్ధాత్మను గూర్చి యీ పదము ప్రయుక్తమైనది. మూలమందలి అర్రబోన్ అను మాట సెమిటిక్ భాషలనుండి వర్తకులద్వారా గ్రీకునకు వచ్చినది. సంచకరువును సంస్కృతమందలి సత్యంకారశబ్దమునకు సంబంధించినదనియే మేము తలంతుము. కన్నడమున సంచకారమను రూపము కలదు. మాటను సత్యము చేయునది సత్యంకారము. నేడు హైదరాబాదులో దీనిని బయానా యందురు. ఎల్.బి.నగరులో స్థలము కొనువానికి బయానా తెలియును, సంచకరువు తెలియదు. కొందఱు దీనిని కుదువ యని వివరించుట మేము వింటిమి. అది పొరపాటు. కుదువసొమ్ము ఋణము తీరగనే తిరిగి పుచ్చుకొనబడును. సంచకరువు వెలలో నొక భాగమై నిలుచును. కావున మిగిలినదియు నీ జాతిదే యని యది తెలుపును.

ఇంతకంటె పెద్ద పొరపాటు మఱియొకటి కలదు. తన కానుకలును, ఉపవాసములును దేవునికి తానిచ్చిన సంచకరువులని సామాన్యవిశ్వాసి తలంచుట యరుదు కాదు. లేఖలో నిచ్చువాడు దేవుడు, పుచ్చుకొనువాడు మనుష్యుడు. సంచకరువు ఇచ్చినవాడే మాటకు కట్టుబడినవాడు. కర్త మాఱినచో నిశ్చయత యంతయు తలక్రిందగును. మనుష్యుడు తా నిచ్చిన సొమ్ము చాలునో చాలదో యని లెక్కించుకొనుచు మరణించును. అట్లే సంచకరువు పూర్తి వెల కాదు. బయానా ముట్టినంతమాత్రమున లావాదేవి ముగియదు. ఇట్లు నిశ్చయతకును, నిరీక్షణకును ఈ యొక్క పదము చోటొసగుచున్నది. దీని స్థానమున బయానా యనవలెనా యని యడుగవచ్చును. మూలపదమును వర్తకుల మాటయే గనుక అందు దోషము లేదు. అయినను గ్రంథమున పాతమాటనే నిలిపి, బోధలో క్రొత్తమాటతో వివరించుట మేలని మాకు తోచుచున్నది.

ఇచట నొక యాక్షేపము బయలుదేరును. విచారణకు ముందే తీర్పు తెలిసిన వ్యాజ్యము న్యాయమగునా? అట్టి నిశ్చయము మనుష్యుని నిర్లక్ష్యమునకు పురికొల్పదా? మత్తయి సువార్త యిరువదియైదవ యధ్యాయమున గొఱ్ఱెలును మేకలును వేఱుపఱుపబడు ఘట్టములో కుడివైపువారును తమ పుణ్యము తా మెఱుగక యాశ్చర్యపడుదురు. నిశ్చయత గలవా రాశ్చర్యపడుటయెట్లు? ఈ చిక్కును దాటవేయు బోధ అసమగ్రము.

మూడవ పదమగు ధైర్యము ఇచట సాయపడును. యోహాను మొదటి లేఖలో తీర్పుదినమున కలుగు స్థితికి జ్ఞానమని గాని, ఫలితము తెలియుటయని గాని చెప్పక, అనువాదకులు ధైర్యమనిరి. మూలపదమునకు సంకోచము లేక యెదుట నిలిచి మాటలాడుట యర్థము. దిల్‌సుఖ్‌నగరు విద్యార్థి కోరునది ఫలితనిశ్చయము. అది తన మార్కులనుగూర్చినది. ధైర్యము ఎదుటనున్నవానినిగూర్చినది. తీర్పరి యెవడో యెఱిగినవాడు తన లెక్క తా నెఱుగకపోయినను నిలువగలడు. కుడివైపువారి యాశ్చర్యము తమ పుణ్యవిషయము. వారి ధైర్యము తీర్పరి విషయము. ఇవి పరస్పరవిరుద్ధములు కావు. పైగా, తన పుణ్యమును లెక్కింపనివాడే యాశ్చర్యపడగలడు.

మన సాహిత్యమున నిట్టి సమస్య క్రొత్తది కాదు. ఆంధ్రభాగవతమున ఏర్చూరి సింగన రచించిన షష్ఠస్కంధములోని అజామిళోపాఖ్యానమున యమభటులకును విష్ణుదూతలకును జరిగిన వివాదము ఇట్టిదే. అజామిళుడు విడుదల పొందినపిదప పశ్చాత్తప్తుడై గంగాద్వారమునకేగి తపమొనర్చెను. అభయము నిర్లక్ష్యమునకు దారితీయలేదు. శ్రీవైష్ణవులలోని మార్జాలకిశోర, మర్కటకిశోర న్యాయములును, రక్షణ పట్టుకొనువానిదా, పట్టుకొనబడువానిదా యను విచారణమే. సిద్ధాంతములు వేఱైనను ప్రశ్న యొకటే. తెలుగు క్రైస్తవుడు ఈ ప్రశ్నను పరదేశమునుండి యరువు తెచ్చుకొనలేదని దీనివలన తేలుచున్నది.

అయితే అజామిళునికిని, సిలువపై పశ్చాత్తప్తుడైన దొంగకును కడపటి పలుకునకు వ్యవధి లభించెను. అందఱి కట్టి వ్యవధి లభింపదు. 2013 ఫిబ్రవరి 21వ తేది సాయంకాలము దిల్‌సుఖ్‌నగరులో రెండు బాంబులు ప్రేలి పలువురు మరణించిరి. ఇండ్లకు మరలుచున్న వేళ అది. అట్టి మరణమున పలుకునకును, ప్రార్థనకును తావు లేదు. కడపటి క్షణమున జరుగు సిద్ధపాటుపై రక్షణ యాధారపడినచో, ఆ క్షణము లభింపనివాని గతియేమి? నిశ్చయత యనునది పండితుల వాదవిషయము మాత్రమే కాదనియు, బజారునకు పోయి తిరిగిరాని మనుష్యుని బంధువుల ప్రశ్నయనియు అపుడు గోచరించును. సంచకరువు ముందుగా నిచ్చు సొమ్మగుట యిచట సార్థకము. మరణక్షణముపై నాధారపడనిదే నిశ్చయత యనదగును.

ఇటీవల మేము వినిన పాటలలో మేలులు, దీవెనలు విరివిగా వర్ణింపబడుచున్నవి. తీర్పు అనుమాట యరుదుగా వినబడుచున్నది. తీర్పు లేనిచోట తీర్చబడుట యను మాటకు బలము లేదు. భయమెఱుగనివానికి అభయమిచ్చుట వ్యర్థము. మఱికొన్ని బోధలలో తీర్పే మిగిలి, సంచకరువు మఱుగుపడుచున్నది. రెండును లోపములే. ఆ మూడు పదములును కలిసి నిలిచినప్పుడే ఆ వచనము పరిపూర్ణము.

కీర్తనలయందును, సంఘములలో వ్యాప్తమైయున్న సీయోను గీతములయందును ఈ పదముల ప్రయోగములను కాలక్రమమున సేకరించి పరిశీలించుట పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పని. నమ్మువాడు నమ్ముగాక, నమ్మనివాడు మానుగాక. మరణము నెదుర్కొనుటకు తెలుగువారు కొందఱు ఏ తెలుగు మాటలను ఊతగా గొనిరో తెలిసికొనుట తెలుగుశాఖకు విధియే.