రేపటి లోకంలో మనది ఏ జాతి? రెండు తెలుగు చిత్రాల పరిశీలన

1. ప్రవేశిక

'జాతి' అనే మాటను మనం ఎన్ని అర్థాల్లో వాడుతున్నామో గమనించండి. 'జాతీయ గీతం' అన్నప్పుడు దేశం. 'తెలుగు జాతి' అన్నప్పుడు భాష. 'నల్లజాతి' అన్నప్పుడు రంగు, వంశం. పల్లెలో 'నీదే జాతి?' అని అడిగితే తెలుసుకోదలచినది కులం. విజ్ఞాన కాల్పనిక రచనను చదివేటప్పుడు విమర్శకుడు వేయవలసిన ప్రశ్న ఒకటుంది: కథకుడు ఊహించిన భవిష్యత్తులో వీటిలో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి?

అమెరికాలో ఓటు హక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాది, 1966లో, 'స్టార్ ట్రెక్' ధారావాహిక మొదలైంది. అంతరిక్ష నౌకలో ఉహురా అనే నల్లజాతి స్త్రీని అధికారిగా చూపింది. అది రేపటి కథ అయినా, మాట్లాడింది నాటి సమాజంతోనే.

2. ఆదిత్య 369

సింగీతం శ్రీనివాసరావు తీసిన ఈ చిత్రం 1991లో వచ్చింది. కాలయంత్రం ముందు 1526కు, తర్వాత 2504కు వెళ్తుంది. గతంలో కృష్ణదేవరాయలు, తెనాలి రామకృష్ణుడు ఉన్నారు. అంటే ఆ కాలానికి స్పష్టమైన తెలుగు చిరునామా ఉంది. భవిష్యత్తులో అణుధార్మికతకు భయపడి భూగర్భంలో బతికే మనుషులున్నారు. అది మానవాళి అంతటికీ హెచ్చరిక. గతం మనది, భవిష్యత్తు అందరిదీ అన్నట్టుగా కథ నడుస్తుంది.

3. కల్కి 2898 ఏడీ

నాగ్ అశ్విన్ చిత్రం (2024)లో కాశీ మిగిలిన చివరి నగరం. దాని పైన సంపన్నుల 'కాంప్లెక్స్' ఉంటుంది. అందులో చేరాలంటే పది లక్షల యూనిట్లు కావాలి. ఇక్కడ మనుషులను విడదీసేది డబ్బు. శంబలలో ఆశ్రయం పొందినవారిలో మరియం, రూమీ, వీరన్ వంటి పేర్లు కలిసి వినిపిస్తాయి. ఇది చిత్రంలోని ఉదారమైన ఊహ.

అయితే చివరకు భైరవ ఎవరో తెలుస్తుంది: అతడు కర్ణుడు. భారతంలో కర్ణుడు విలువిద్యా ప్రదర్శనలో వంశం అడిగితే తలదించుకున్నవాడు. చిత్రం అతని ధనుస్సును, పరాక్రమాన్ని స్వీకరించింది. ఆ అవమానాన్ని మాత్రం ముందుకు తేలేదు. పునర్జన్మ ఈ కథకు ఆధారం కదా అని మీరు అనవచ్చు. నిజమే. కానీ యూనిట్ల కోసం కాశీ వీధుల్లో పోరాడిన మనిషి గొప్పతనం పూర్వజన్మ నుంచే రావాలా? కులం పేరు వినిపించకపోయినా, పుట్టుకకు ఉన్న పెత్తనం అలాగే నిలిచింది.

4. మారే గుర్తింపులు

గుర్తింపులు శాశ్వతం కావని తెలుసుకోవడానికి 2898 దాకా ఆగనక్కర్లేదు. 1940లో కోదాడలో పుట్టిన మనిషిని ఊహించండి. నిజాం రాజ్యంలో పుట్టి, 1948లో భారతదేశంలో, 1956లో ఆంధ్రప్రదేశ్‌లో, 2014లో తెలంగాణలో భాగమయ్యాడు. 2016లో జిల్లా కూడా నల్లగొండ నుంచి సూర్యాపేటకు మారింది. ఇల్లు కదలలేదు, చిరునామా మారింది. ఇన్నేళ్లలో అతని కులం మాత్రం మారలేదు. రాజ్యాల కన్నా గట్టిగా నిలిచిన ఈ గుర్తింపు గురించే మన భవిష్యత్ కథలు తక్కువ మాట్లాడతాయి.

5. సారాంశం

భవిష్యత్ కథలో ఒక వివక్ష కనిపించకపోతే అది పోయిందని అనుకోకండి. దాన్ని కథ పరిష్కరించిందా, దాటవేసిందా అని చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'ఆదిత్య 369'లో గతానికీ భవిష్యత్తుకూ ఇచ్చిన గుర్తింపుల్లో తేడా ఏమిటి?
2. భైరవను కర్ణుడిగా చూపకుండా ఉంటే కథార్థం ఎలా మారేది? మీ అభిప్రాయాన్ని పది వాక్యాల్లో రాయండి.