యంత్రం తీసే సూటు

గోవా వెళ్లి, తెర మీద పేకలు పంచే యంత్రం ముందు డబ్బు పోగొట్టుకుని వచ్చినవాళ్లు అనే మాట ఒకటుంది: ‘మిషన్‌లో ఏదో సెట్టింగ్ పెట్టినారు’. ఈ వారం హిందూపురం నుంచి రొద్దం దాకా ఆ మాట మళ్లీ తిరిగింది. అది విన్నప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది. పోగొట్టుకున్నవాళ్ల మీద కాదు, ఆ మాట మీద. మోసం అనేసరికి లెక్క అడగడం ఆగిపోతుంది. చీనీ కాయలు అమ్మే మన రైతు అలా ఆగడు. టన్నుకు ఇన్ని కిలోలని వ్యాపారి సూటు, అంటే తూకంలో కోత, తీస్తే, ‘కాటాలో దెయ్యం ఉంది’ అనడు, ‘ఎన్ని కిలోలు? ఎందుకన్ని?’ అని నిలదీస్తాడు. సూటు గురించి ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో పాఠకులకు తెలుసు. ఈసారి ఆ కొలతనే జూదపు యంత్రానికి పెడతాను. పందెం కాసిన ప్రతి వంద రూపాయల్లో ఆడించేవాడికి సగటున మిగిలేదే ఆ ఆటలో సూటు. గోవాలో 1992లో చట్టం సవరించి ఐదు నక్షత్రాల హోటళ్లలో ఎలక్ట్రానిక్ ఆటలకు, 1996లో నీటి మీది ఓడల్లో బల్ల ఆటలకు దారి తెరిచారు. కాబట్టి ఒడ్డున ఉన్న హోటల్లో బ్లాక్‌జాక్ అంటే తెర మీది బ్లాక్‌జాకే. పంచే మనిషి ఉండడు, బొమ్మ ముక్కలు, మీటలు ఉంటాయి. అందుకే అనుమానం అంత తొందరగా పుడుతుంది.

అనుమానం పక్కన పెట్టి, మనకు బాగా తెలిసిన ఆటతో మొదలుపెడదాం. మన జిల్లా పత్రికల్లో తోపుల్లో జూదం మీద పోలీసు దాడుల వార్తల్లో తరచూ కనిపించే పేరు అందర్–బాహర్. లోపలా బయటా అన్నమాట. ఒక ముక్క తిప్పి మధ్యలో పెడతారు. మిగిలిన 51 ముక్కల్ని ఒకటి ఈ వైపు, ఒకటి ఆ వైపు వేస్తూ పోతారు. మధ్య ముక్కకు జత ఏ వైపు పడితే ఆ వైపు కాసినవాళ్లది గెలుపు. చూస్తే సరిసమానం, నాణెం ఎగరేసినట్టే ఉంటుంది. కానీ జత కాగలిగినవి మూడు ముక్కలు. మొదటి ముక్క పడే వైపుకు ఆ తొలి అడుగులోనే 51లో 3, అంటే 17లో ఒక వంతు అవకాశం. జత అక్కడే పడితే రెండో వైపుకు వంతే రాదు. చివరిదాకా లెక్క కడితే మొదటి వైపు నూటికి 51.5 సార్లు, రెండో వైపు 48.5 సార్లు గెలుస్తాయి. ఇప్పుడు ఆడించేవాడు చేయాల్సింది ఒక్కటే. మొదటి వైపు గెలిస్తే రూపాయికి 90 పైసలు, రెండో వైపు గెలిస్తే రూపాయికి రూపాయి ఇస్తానని బోర్డు పెట్టాలి. అప్పుడు మొదటి వైపు కాసినవాడి దగ్గర వందకు రెండు రూపాయల పైచిలుకు, రెండో వైపు కాసినవాడి దగ్గర మూడు రూపాయలు మిగులుతాయి. ముక్క దాచలేదు, కట్ట మార్చలేదు. ఎవరు ముందు, ఎవరికెంత అన్న రెండు మాటల్లోనే ఆడించేవాడి జీతం ఉంది.

బ్లాక్‌జాక్‌లోనూ ఆ రెండు మాటలే. ఇరవై ఒకటి దాటకుండా పంచేవాడి కన్నా ఎక్కువ తెచ్చుకోవాలి, దాటితే పోయినట్టే. ముందు ఆడేది మనం. మనం 21 దాటితే పందెం అక్కడికక్కడే ఊడ్చేస్తారు. తర్వాత పంచేవాడూ దాటినా అది తిరిగి రాదు. పంచేవాడు 17 దాకా లాగి తీరాలి, 17 వచ్చాక ఆగాలి. అలా ఆడితే సుమారు నూటికి 28 సార్లు దాటిపోతాడు. మనమూ అదే పద్ధతిలో ఆడితే ఇద్దరూ దాటిపోయే ఆటలు నూటికి ఎనిమిది దాకా ఉంటాయి. ఆ ఎనిమిదీ ఆడించేవాడివే. దానికి విరుగుడుగా మనకు కొన్ని హక్కులున్నాయి. పంచేవాడి ముక్క బలహీనంగా కనిపిస్తే 13, 14 దగ్గరే ఆగిపోవచ్చు, పందెం రెట్టింపు చేయవచ్చు, జత ముక్కల్ని విడదీసి రెండు చేతులుగా ఆడవచ్చు. ఎప్పుడు ఏది చేయాలో 1956లో అమెరికా సైన్యంలో పనిచేసిన నలుగురు చేతి మీటల లెక్క యంత్రాలతో తేల్చి, అక్కడి గణాంక సంఘం పత్రికలో అచ్చు వేయించారు. ఆ పట్టిక తప్పకుండా ఆడి, రెండే ముక్కల్లో 21 పడినప్పుడు వందకు నూటయాభై ఇచ్చే బల్ల దొరికితే, సూటు వందకు అర్ధరూపాయి దగ్గరకు దిగుతుంది. అందర్–బాహర్‌తో పోలిస్తే ఎంత తక్కువో చూడండి.

ఇక యంత్రం అద్దం మీద చదవాల్సిన గీత ఒక్కటుంది. రెండు ముక్కల 21కి ఎంత ఇస్తారు? విదేశాల్లోనూ చాలా వీడియో యంత్రాలు దానికి వందకు వంద మాత్రమే ఇస్తాయి. ఆ చేయి సుమారు 21 ఆటలకు ఒకసారి పడుతుంది. అప్పుడు రావాల్సిన యాభై రాకపోతే, ఆటకు సగటున రెండు రూపాయల పావలా దాకా తగ్గినట్టు. అర్ధరూపాయి సూటు కాస్తా వందకు 2.8 దగ్గరకు చేరింది. సెట్టింగ్ అని వెతుకుతున్నది ఇదే. అది యంత్రం లోపల లేదు, అద్దం మీదే అచ్చేసి ఉంది. అమెరికాలోని నెవాడాలో అయితే, అసలు పేకల్ని పోలిన ముక్కలు చూపే యంత్రం అసలు పేకల అవకాశాలనే పాటించాలని నిబంధన ఉంది. ఆ యంత్రం ముక్క మార్చదు, మార్చాల్సిన అవసరమూ దానికి లేదు.

నైపుణ్యం ఉంటే గెలవచ్చు కదా అనేవాళ్లున్నారు. 1962లో ఎడ్వర్డ్ థార్ప్ అనే గణిత అధ్యాపకుడు, పడిపోయిన ముక్కల్ని గుర్తుపెట్టుకుని పందెం పెంచుతూ తగ్గిస్తూ పోతే బల్ల మీద ఆటగాడే పైచేయి కాగలడని పుస్తకం రాసి చూపించిన మాట నిజం. అయితే వీడియో యంత్రం మామూలుగా ప్రతి ఆటకూ కట్టను కొత్తగా కలుపుతుంది. గుర్తుపెట్టుకోవడానికి వెనక ఏమీ ఉండదు. నైపుణ్యమా, అదృష్టమా అన్న ప్రశ్న మన న్యాయస్థానాల్లోనూ చాలా కాలం నడిచింది. సికింద్రాబాద్ క్లబ్బు రమ్మీ మీద వచ్చిన సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు రమ్మీని మూడు ముక్కలాట నుంచి వేరు చేసింది, ముక్కలు గుర్తుపెట్టుకోవడం నేర్పు అంది. అయితే ఆ తీర్పులోనే ఇంకో ముక్క ఉంది: క్లబ్బు ఆ ఆట మీద లాభం తీస్తుంటే సంగతి వేరు. నైపుణ్యం మాట అందరికీ గుర్తుంది, లాభం మాట అంతగా గుర్తు లేదు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు పెట్టి ఆడే ఆట నైపుణ్యానిదైనా అదృష్టానిదైనా ఒకే గాటన కట్టి నిషేధించింది. ఆ ప్రశ్నను పక్కన పెట్టడం సరైన పనేనని నా అభిప్రాయం.

ఇంతవరకు చదివినవాళ్లకు నేను యంత్రం తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు అనిపించవచ్చు. మోసం లేదు, సూటు తక్కువ, అదీ అద్దం మీద రాసే ఉంది. అంకెల జూదం మట్కాతో పోల్చినా ఇదే నయమనిపిస్తుంది. అక్కడ రెండంకెల జోడీ తగిలితే రూపాయికి 90 ఇస్తారనుకుందాం. వంద జోడీల్లో తగిలేది ఒకటే కాబట్టి అక్కడి సూటు వందకు పది. యంత్రానిది మూడుకు లోపు. కానీ వందకు ఎంత అన్నది సగం లెక్కే. ఎన్ని వందలు అన్నది మిగతా సగం. మట్కా చీటీలు రాసే బీటర్ దగ్గర యాభై రూపాయల చీటీ రాయించినవాడు ఆ చీటీ మీద సగటున ఐదు రూపాయలు వదులుకుంటాడు, ఫలితం కోసం గంటలు గడుపుతాడు. యంత్రం ముందు ఆట పది సెకన్లలో అయిపోతుంది. ముక్కలు సర్దే పని లేదు, చిల్లర లెక్కపెట్టే పని లేదు, పక్కవాడి వంతు కోసం ఆగే పని లేదు. గంటకు 360 ఆటలు. వంద చొప్పున 36,000 రూపాయలు పందెంలోకి పోతాయి, జేబులో ఉన్నది 3,000 అయినా సరే. అందులో 2.8 వంతున గంటకు వెయ్యి రూపాయలు. మనిషి పంచే బల్ల దగ్గర గంటకు 60 ఆటలే పడతాయి. బల్ల మీద కనీస పందెం ఎక్కువ కదా అంటారు. వెయ్యి చొప్పునే వేసుకోండి, అర్ధరూపాయి సూటు మీద గంటకు 300. పందెం పదింతలు పెద్దది, పోయేది మూడో వంతు కూడా కాదు. చిన్న పందెమని యంత్రం దగ్గర కూర్చున్నవాడే పెద్ద సూటు కడుతున్నాడు. పైగా ఒక్కో ఆటకు సూటు తక్కువైనందువల్లే డబ్బు నిదానంగా కరుగుతుంది, మనిషి లేవడు.

మరి గెలిచి వచ్చినవాళ్ల మాటేమిటి? ఉన్నారు, అబద్ధం చెప్పడం లేదు. ఈ లెక్కతో గంటసేపు ఆడి లేస్తే సుమారు ముగ్గురిలో ఒకరు లాభంతోనే లేస్తారు. పది గంటలు ఆడితే అలా లేచేవాళ్లు నూటికి ఏడెనిమిది మంది. వంద గంటలకు దాదాపు ఎవరూ మిగలరు. ఊళ్లోకి వచ్చి చెప్పేది ఆ మొదటి గంట కథ. అందుకే నేను అడుగుతున్నది సెట్టింగ్ మీద విచారణ కాదు. ఆటోకు మీటరుంది, పెట్రోలు బంకులో లీటరు ధర అంకెల్లో కనబడుతుంది. అలాగే యంత్రం మీద, డబ్బు పెట్టే సందు పక్కనే, తెలుగులో, కన్నడంలో, కొంకణిలో పెద్ద అక్షరాలతో ఒక వరుస ఉండాలి: వంద రూపాయల పందెం, పది సెకన్లకో ఆట, గంటకు సగటున పోయేది వెయ్యి.