కొలిచేదే మేతైతే

కణంలో డీఎన్ఏ ఎంత ఉందో చెప్పడం తేలిక. ఈ క్షణాన అది డీఎన్ఏను తయారు చేస్తోందా అన్నది వేరే ప్రశ్న. కోల్‌కతాలో నా దగ్గర ఫ్లో సైటోమెట్రీ నేర్చుకునే పిల్లలకు మొదట చెప్పేది ఇదే.

ప్రొపీడియం అయొడైడ్ అనే రంగు పట్టించిన కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందుకు పంపితే, వెలుగును బట్టి డీఎన్ఏ మొత్తం తెలుస్తుంది. (ఆర్ఎన్ఏస్ వేయాల్సిందే, ఆ రంగు ఆర్ఎన్ఏకూ అంటుకుంటుంది.) ఒక వంతుకూ రెట్టింపుకూ మధ్య ఉన్నవన్నీ ఎస్ దశవే, అంటే డీఎన్ఏ అల్లుతున్నవే అనుకుంటాం. కానీ సగంలో పని ఆగిపోయిన కణం కూడా అక్కడే కనిపిస్తుంది.

అందుకే బీఆర్‌డీయూ. థైమిడిన్‌ను పోలిన ఈ అణువును కాసేపు కల్చర్‌లో కలిపితే, ఆ వేళ డీఎన్ఏ అల్లుతున్న కణాలే దాన్ని చేర్చుకుంటాయి. దాన్ని పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీని 1982లో హోవార్డ్ గ్రాట్జ్‌నర్ ప్రకటించారు. అంతకుముందు రేడియోధార్మిక థైమిడిన్‌తో, ఫిల్మ్ మీద ఆనవాళ్లు తేలేదాకా ఎదురుచూపులే. యాంటీబాడీకి దారి దొరకాలంటే డీఎన్ఏ జంటపోగులు విడిపోవాలి, అందుకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఎక్కువైతే కణాలు పాడవుతాయి, తక్కువైతే ఏమీ వెలగదు. 2008లో సాలిక్, మిచిసన్ తెచ్చిన ఈడీయూ అనే మరో అణువుకు ఈ ఆమ్లం అక్కర్లేదు. అన్నీ కుదిరితే, డీఎన్ఏ మొత్తాన్నీ బీఆర్‌డీయూ వెలుగునూ కలిపి గీసినప్పుడు తెర మీద గుర్రపునాడా ఆకారం లేస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఈ కొలతలతో మందులనూ పరీక్షిస్తాం. కలకత్తా విశ్వవిద్యాలయంలో అసీమా చటర్జీ బిళ్ళగన్నేరు ఆల్కలాయిడ్ల మీద పనిచేశారు. ఆ కుటుంబంలోని విన్‌క్రిస్టిన్ అనే మందు సోకిన కణాలు డీఎన్ఏ రెట్టింపయ్యాక, విభజన మధ్యలో ఆగిపోతాయి. వాటి గుట్టను చూడడానికి ప్రొపీడియం ఒక్కటే చాలు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ కంపెనీ బృందం తెచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందుతోనే చిక్కు. అది థైమిడిన్ సరఫరాను కోసేస్తుంది, మగ్గం మీద నూలు అయిపోయినట్టు అల్లిక నిలిచిపోతుంది. అప్పుడు మనం బీఆర్‌డీయూ పోస్తే, కరువులో ఉన్న కణం దాన్నే థైమిడిన్‌కు బదులు వాడుకోగలదు. కొలవడానికి వేసిందే మేతవుతుంది! తెర మీద వెలుగు చూసి, మందు పనిచేయలేదని రాసేస్తే అన్యాయం. క్యాన్సర్ మందుల విషయంలో ఇది చిన్న పొరపాటు కాదు.

కాబట్టి ఈ మందు పరీక్షించేవాళ్లకు నేను చెప్పేది: కొన్ని ప్లేట్లను బీఆర్‌డీయూ లేకుండానే ఉంచండి. గంటల తేడాతో నమూనాలు తీసి, ప్రొపీడియం మాత్రమే పట్టించి, డీఎన్ఏ మొత్తం గ్రాఫ్ మీద నిజంగా కుడివైపుకు జరుగుతోందో లేదో చూడండి. మందు వేయని ప్లేట్లు పక్కనే ఉండాలి. రెండు కొలతలూ ఏకీభవించాకే ఫలితాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించండి.