కడుపు పోయాక ఆరు వారాలు

నిర్ధారణైన గర్భాల్లో నూటికి పది నుంచి పదిహేను నిలవవు. వీటిలో అత్యధికం మొదటి 12 వారాల్లోనే పోతాయి. ఆ తొలి గర్భస్రావాల్లో సుమారు సగానికి మూలం పిండం క్రోమోజోముల్లో తేడా. బొప్పాయి ముక్కకో, బస్సు కుదుపుకో, బిందె ఎత్తినందుకో ఆ తేడా రాదు. అయినా పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామిక బస్తీల్లో కడుపు పోయిన కోడలికి మొదట ఎదురయ్యేది ‘ఏం తిన్నవ్, ఏం ఎత్తినవ్’ అన్న ప్రశ్నే. దీన్ని ఎన్నిసార్లు ఖండించినా తక్కువే.

రక్తం కనిపించినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. గర్భాశయ ముఖద్వారం మూసుకుని ఉండి, స్కానింగులో గుండె కొట్టుకుంటుంటే చాలా గర్భాలు నిలుస్తాయి. ద్వారం తెరుచుకుంటే ఆపడం కష్టం. కొంత బయటపడి కొంత లోపల మిగిలితే రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. రక్తపు చుక్క లేకుండానే పిండం గుండె ఆగిపోవడమూ ఉంది; అది స్కానింగులోనే బయటపడుతుంది.

పరిస్థితిని బట్టి వైద్యులు వేచి చూస్తారు, మాత్రలిస్తారు, లేదా లోపల మిగిలినదాన్ని తీసి శుభ్రం చేస్తారు. జ్వరం, దుర్వాసన, ఆగని రక్తం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నెగెటివ్ గ్రూపు రక్తమున్నవారు యాంటీ-డి ఇంజెక్షన్ సంగతి అడగాలి. రెండు మూడుసార్లు పోతే థైరాయిడ్, షుగర్, గర్భాశయ ఆకారం, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు చూస్తారు. ఈ చివరిది తేలితే ఆస్పిరిన్, హెపారిన్‌లతో మరుసటి గర్భాన్ని నిలిపే అవకాశం మెరుగవుతుంది.

మంచం దిగకుండా పడుకుంటే గర్భం నిలుస్తుందనడానికి రుజువు లేదు. అలాగని పనికీ గర్భానికీ సంబంధమే లేదనలేం. సీసం, కొన్ని సేంద్రియ ద్రావకాలు గర్భస్రావం ముప్పును పెంచుతాయి. మందుల కంపెనీలు, రసాయన పరిశ్రమలు ఇన్ని ఉన్న పటాన్‌చెరు లాంటి చోట డాక్టరు అడగాల్సింది ఆమె ఏం తిన్నదని కాదు, ఏ విభాగంలో ఏ రసాయనం దగ్గర పనిచేస్తున్నదని. ఒక్కో గర్భస్రావానికి ఒక్కో కంపెనీని బాధ్యురాలిని చేయడం శాస్త్రం కాదు. అసలు అడగకపోవడం వైద్యం కాదు.

గర్భాన్ని నిలపలేని విశ్రాంతి, గర్భం పోయాక హక్కవుతుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం గర్భస్రావం తర్వాత ఆరు వారాల వేతన సెలవు ఇచ్చింది. 2020 సామాజిక భద్రతా కోడ్ దాన్ని కొనసాగించింది. కార్మిక రాజ్య బీమా (ఈఎస్ఐ)లో నిర్ణీత రోజుల చందా ఉన్న కార్మికురాలికి ఆ కాలానికి నగదు అందుతుంది. కాంట్రాక్టరు కింద పనిచేసినా ఈఎస్ఐ కార్డు ఆమెదే. రుజువు చూపాలి కాబట్టి, గర్భస్రావం జరిగిన తేదీతో డాక్టరు రాసిన కాగితాన్ని ఆసుపత్రి వదిలే ముందే తీసుకోవాలి.