మన పైకి రాని కిరణాలు

మార్కాపురం, గిద్దలూరు మీద ఆకాశం ఎంత తేటగా ఉన్నా, తక్కువ శక్తి గల విశ్వకిరణాలు ఇటు రావు. గాలిపొర సంగతి అలా ఉంచండి, బెలూన్ కట్టి 35 కిలోమీటర్లు పైకి పంపినా దొరకవు. భూమి అయస్కాంత క్షేత్రం వాటిని మళ్లించేస్తుంది. మన అక్షాంశంలోకి చొరబడాలంటే ప్రోటాన్‌కు దాదాపు 1,600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. నేను చెప్పే హీలియం-3 వంటి కేంద్రకాల్లో ఒక్కో న్యూక్లియాన్‌కు ఉండేది పది కోట్ల దరిదాపుల్లోనే. అందుకే టాటా ఇన్‌స్టిట్యూట్‌లో సుకుమార్ బిశ్వాస్ బృందం 1960ల్లో హీలియం-3 కోసం కెనడాలోని ఫోర్ట్ చర్చిల్ నుంచి ఎగిరిన బెలూన్ల మీద ఆధారపడింది. ధ్రువాల వైపు ఆ అడ్డు పలచబడుతుంది.

అంత దూరం పోయి పట్టుకోవాల్సినంత విలువ ఈ కిరణాలకు ఉందా? ఉంది. లిథియం, బెరిలియం, బోరాన్ నక్షత్రాల గర్భంలో నిలవవు, కాలిపోతాయి. విశ్వకిరణాల్లో మాత్రం పుష్కలం. కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు దారిలో హైడ్రోజన్‌ను ఢీకొని పగిలితే పుట్టినవే ఇవి. వాటిలో బెరిలియం-10 అర్ధాయువు సుమారు 14 లక్షల ఏళ్లు. అది ఎంత మిగిలిందో కొలిస్తే, ఈ కిరణాలు గెలాక్సీలో కోటిన్నర ఏళ్లు తిరిగాయని తేలింది.

నన్ను కట్టిపడేసేది ఇలాంటి కేంద్రకాలను వేరుచేసి కొలిచే పని. హీలియం-3, హీలియం-4 రెండింటి ఆవేశం ఒక్కటే. బెలూన్లు మోసిన ఫోటోగ్రాఫిక్ ఎమల్షన్‌లో ఆగిపోయే చోటుకు సమాన దూరంలో చూస్తే, బరువైనది కాస్త నెమ్మదిగా నడుస్తూ కాస్త చిక్కని గీత గీస్తుంది. ఆ కాస్త తేడాను సూక్ష్మదర్శిని కింద కళ్లు పెట్టుకుని, గీత తర్వాత గీత చదివి పట్టుకున్నారు.

తర్వాత ఎమల్షన్‌కు తోడుగా ప్లాస్టిక్ వచ్చింది. 1985 ఏప్రిల్ 29న చాలెంజర్ షటిల్‌లో వెళ్లిన మన 'అనూరాధ' పరికరంలో ఉన్నవి సీఆర్-39 రేకులు, కళ్లద్దాలకు వాడే ప్లాస్టికే. పై దొంతర కదలదు, కింది దొంతర కొద్దికొద్దిగా తిరుగుతుంది. రెండింటిలో గీత ఎక్కడ తెగిందో చూస్తే కణం ఏ వేళకు వచ్చిందో తెలుస్తుంది. వేళ తెలిస్తే షటిల్ అప్పుడు ఏ చోట ఉందో, అక్కడ అయస్కాంత అడ్డు ఎంతో తెలుస్తాయి. ఆ లెక్కతోనే 'అసాధారణ విశ్వకిరణాలు' అనే రకంలోని ఆక్సిజన్ ఒక్క ఎలక్ట్రానే పోగొట్టుకుందని చెప్పగలిగారు. దానికన్నా తెలివైన ఏర్పాటు నేను చదవలేదు.

పలకలు చెక్కిన మార్కాపురానికి ఈ విద్య దూరమైనది కాదు. రేకు మీద కంటికి కనపడని గీతను రసాయనంతో పైకి తేవడమే అంతా. మన డిగ్రీ కాలేజీల భౌతికశాస్త్ర అధ్యాపకులకు నా మనవి: చిన్న సీఆర్-39 ముక్కను కొన్ని నెలలు గదిలో వేలాడదీయండి. తర్వాత 70 డిగ్రీల వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో, మీ చేతుల మీదుగా, కొన్ని గంటలు ఉంచండి. రేడాన్ వదిలిన ఆల్ఫా కణాల గుంటలు మామూలు సూక్ష్మదర్శినిలోనే కనిపిస్తాయి. పిల్లల చేత వాటిని లెక్కపెట్టించండి.