మోకాలి శస్త్రచికిత్సకు ముందు ముక్కు పరీక్ష

సికిందరాబాదు స్టేషనుకు దగ్గరనున్న రెజిమెంటల్ బజార్‌లో, కీళ్ళనొప్పులతో మెట్లెక్కలేని ఒక వృద్ధురాలిని ఊహించుకొందము. 2020వ సంవత్సరములో ఆమె మోకాలికి కృత్రిమమైన కీలు అమర్చవలసియున్నది. ఇది ప్రాణాపాయములో చేయు శస్త్రచికిత్స కాదు. వాయిదా వేయవచ్చును, నొప్పిని మాత్రము వాయిదా వేయలేము. కోవిడ్ ప్రబలిన ఆ దినములలో ఆమెకు మత్తుమందిచ్చుటకు ముందు వైద్యుడు ఏమి తెలిసికొనవలెను?

ఈ విషయమున తరచుగా ఉదాహరింపబడినది 2020 మే నెలలో 'లాన్సెట్' పత్రికలో వెలువడిన వ్యాసము. శస్త్రచికిత్సకు ముందు 7 దినములలోగాని, తరువాత 30 దినములలోగాని కోవిడ్ సోకినట్లు తేలిన 1,128 మందిని 24 దేశములలోని 235 ఆసుపత్రులనుండి తీసికొని పరిశీలించినారు. వారిలో 23.8 శాతము 30 దినములలో మరణించిరి. సగముమందికి పైగా ఊపిరితిత్తులకు ఉపద్రవములు కలిగినవి.

ఈ అంకె చూచి భయపడినవారిని తప్పుపట్టలేము. కాని అది ఎవరి అంకె? ఆ రోగులలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు అత్యవసర శస్త్రచికిత్సలు జరిగినవారు. ముందుగా నిశ్చయించుకొని చేయించుకొన్నవారు 280 మందియే. వారిలో మరణములు 18.9 శాతము. అదియు తక్కువేమీ కాదు. అయితే 2020 మొదటి మూడు నెలలలో పరీక్షలు కరవు. జబ్బు ముదిరినవారికే ఎక్కువగా చేసిరి. స్వల్పముగా సోకినవారు లెక్కలోనికే రాలేదు. హారము చిన్నదైనచో భిన్నము పెద్దదగును; ఇది మన పిల్లలకు తెలిసిన లెక్కయే.

అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. ఈ 1,128 మందిలో శస్త్రచికిత్సకు ముందే రోగము బయటపడినవారు 294 మంది, అనగా 26.1 శాతము. మిగిలినవారు దానిని ఇంటినుండి తెచ్చుకొనిరా, ఆసుపత్రిలో అంటించుకొనిరా? ఈ వ్యాసమునుబట్టి చెప్పలేము. ముక్కు పరీక్ష ఇంటినుండి తెచ్చుకొన్నవారిని మాత్రమే పట్టగలదు. రెండవ తెగవారికి కావలసినవి వేరు వార్డులు, సిబ్బందికి పరీక్షలు, మాస్కులు.

పోనీ, మొదటి తెగవారినైనను పూర్తిగా పట్టునా? 1897లో మన బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఆగస్టు 16న రోగి రక్తము త్రాగిన దోమను 20న కోసి, దాని కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. క్రిమి పెరుగుటకు వ్యవధి కావలెను. తొందరపడి చూచినచో కనబడదు. కోవిడ్ విషయమును అంతే. 2020లో జరిగిన ఒక సమీక్ష ప్రకారము, సోకిన నాలుగవ దినమున ఈ పరీక్ష 67 శాతముమందిని, ఎనిమిదవ దినమున 20 శాతముమందిని గుర్తింపలేకపోయినది.

2020 ఆగస్టులో సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు హైదరాబాదు మురుగునీటిని పరీక్షించి, జనాభాలో సుమారు 6 శాతమునకు ఇటీవల కోవిడ్ సోకియుండునని అంచనా వేసిరి. వేయిమంది రోగులలో అట్టివారు 60 మంది. కోలుకొన్నవారిని తీసివేసి, 20 మంది నాలుగవ దినముననున్నారని అనుకొన్నచో, 13 మంది 'లేదు' అను చీటితో లోపలికి పోవుదురు. కనుక చీటితోబాటు ఇంట్లో దగ్గు, జ్వరము గలవారిని గూర్చి విచారించుట, కొన్ని దినములు ముందుగా విడిగా ఉంచుట అవసరమైనవి.

ఉన్నదని తేలినచో ఎంతకాలము ఆగవలెను? 116 దేశములలో 1,40,231 మందిపై జరిగి 2021లో వెలువడిన అధ్యయనము ఏడు వారములని చెప్పినది. అప్పటికిని లక్షణములు తగ్గనివారికి ఇంకను ఎక్కువ. ఆ రోగులు 2020 అక్టోబరు నాటివారు, టీకాలు రాకముందటివారు. టీకాలు వేయించుకొన్నవారికి అదే గడువును కన్నులు మూసికొని విధించుట శాస్త్రసమ్మతము కాదు.