బ్రాకెట్లలో బూన్ పేరు

ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద ఎవరు పరిశోధన వ్యాసం రాసి తెచ్చినా నేను ముందు తిప్పేది చివరి పేజీలు. జర్నల్‌కి పంపబోయే మాన్యుస్క్రిప్టులు సరిచూసి పెట్టడం కొన్నేళ్లుగా నా వ్యాపకం. ప్రయోగాలూ పట్టికలూ రాసినవాళ్లకి కంఠతా వచ్చి ఉంటాయి. రిఫరెన్సుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఓపిక అయిపోతుంది. పంపే ముందు రాత్రి సీనియర్ థీసిస్‌లోంచి నాలుగు పేజీలు తెచ్చి అతికిస్తారు. వ్యాసంలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం అదే కాబట్టి బాధేస్తుంది.

వనామీ సంగతే చూడండి. 1931లో బూన్ ఈ రొయ్యకి పీనియస్ వనామీ అని శాస్త్రీయ నామం పెట్టారు. అంటే ‘పీనియస్ వనామీ బూన్, 1931’ అని రాయాలి, బ్రాకెట్లు లేకుండా. 1997లో పెరెజ్ ఫర్ఫాంటే, కెన్స్‌లీ రొయ్యల వర్గీకరణను సవరిస్తూ లిటోపీనియస్‌ను విడి ప్రజాతిగా నిలబెట్టారు, వనామీ అందులోకి వెళ్లింది. ఒక జీవిని మొదట పెట్టిన ప్రజాతి నుంచి వేరే ప్రజాతిలోకి మారిస్తే, పేరు పెట్టినవారినీ సంవత్సరాన్నీ బ్రాకెట్లలో చూపాలన్నది జంతునామాల అంతర్జాతీయ నియమావళిలోని 51వ అధికరణం. అలా అది ‘లిటోపీనియస్ వనామీ (బూన్, 1931)’ అయింది. డీఎన్ఏ అధ్యయనాలు వచ్చాక 2011లో అలా విడదీసిన ప్రజాతులన్నిటినీ మళ్లీ పీనియస్ కిందికి తేవాలన్నారు. ఆ వర్గీకరణను ఒప్పుకుంటే బ్రాకెట్లు తీసేయాలి. మన దేశంలో వనామీ సాగుకు విస్తృతంగా అనుమతి వచ్చింది 2009లో కనుక ఇక్కడి తొలి వ్యాసాలన్నీ లిటోపీనియస్ కాలానివి. వాటిని చూసి రాసేవాళ్లు ప్రజాతి పేరు మారుస్తారు, బ్రాకెట్లు మాత్రం ఉంచేస్తారు. బూన్ దీన్ని ఇంకో ప్రజాతిలో పెట్టారని ఆ రెండు వంకర గీతలు చదివేవాడికి చెబుతున్నాయి. అది నిజం కాదు. టైగర్ రొయ్యకి ఈ పేచీ లేదు. 1798 నాటి ఫాబ్రీషియస్ పేరుతో పీనియస్ మోనోడాన్‌గానే అది నిలిచింది.

ఇంకో మెలిక ఉంది. వ్యాసంలో మీరు పీనియస్ అని రాసినా, 2012లో అచ్చయిన వ్యాసం శీర్షికలో లిటోపీనియస్ అని ఉంటే రిఫరెన్సుల జాబితాలో అలాగే ఉంచాలి. ఆ శీర్షిక రాసినవారిది, దాన్ని దిద్దే హక్కు మనకి లేదు. దిద్దితే వెతికేవాడికి ఆ వ్యాసం దొరకడమూ కష్టమవుతుంది. ఒకే మాన్యుస్క్రిప్టులో ఒకే రొయ్య రెండు పేర్లతో కనబడితే రాసినవారు శ్రద్ధగా పనిచేశారని నేను సంతోషిస్తాను. తెలియని రివ్యూయర్ దాన్ని తప్పంటే, కాదని మర్యాదగా జవాబు రాయమంటాను.

చూసి రాయడానికీ ఎత్తి రాయడానికీ తేడా బయటపడకుండా ఉండదు. సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు 2003లో దాన్ని లెక్కగట్టారు. భౌతికశాస్త్రంలో పేరున్న ఒక వ్యాసాన్ని దాదాపు 4,300 మంది ఉదహరిస్తే, 196 చోట్ల అచ్చుతప్పులు పడ్డాయి. అందులో వేర్వేరు తప్పులు 45 మాత్రమే. పేజీ నంబరులో వచ్చిన ఒకే తప్పు 78 చోట్ల కనబడింది. అంతమందీ స్వతంత్రంగా అదే అంకె దగ్గర పొరబడటం అసాధ్యం. ఉదహరించినవారిలో మూలం చదివినవారు అయిదో వంతు ఉంటారేమోనని వాళ్ల అంచనా. ఇది మన గైడ్లందరూ ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటిరోజే చెప్పాల్సిన సంగతి.

రొయ్యల సాగు చరిత్ర రాసేవాళ్లు ఎస్. జగన్నాథ్ కేసును తప్పక ఉదహరిస్తారు. తీరంలో చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 1996 డిసెంబరు 11న. లా రిపోర్టులో దాని చిరునామా (1997) 2 ఎస్.సి.సి. 87. బ్రాకెట్లోది సంపుటి సంవత్సరం. దాన్ని తీర్పు సంవత్సరం అనుకుని ‘1997లో కోర్టు ఆదేశించింది’ అని వ్యాసంలో రాసేస్తారు.

మన జిల్లాకి ఇలా ఉదహరించే విద్య కొత్తదేమీ కాదు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. తాలూకా పేరు, దాని పక్కన వరస అంకె, ఇంతే పద్ధతి. తాలూకాల హద్దులు మారాయి, జిల్లా చీలింది. అయినా ఈనాటికీ చరిత్రకారులు గూడూరు ఇన్నో నంబరు, కందుకూరు ఇన్నో నంబరు అని రాస్తే చాలు, నేరుగా ఆ శాసనం దగ్గరికే వెళ్లగలం.

పద్ధతులు ఎన్ని ఉన్నా ఫరవాలేదు. 1881లో మార్క్ అనే హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఒక పెంకులేని నత్త మీద రాసిన వ్యాసంలో వాడిన పేరు–సంవత్సరం పద్ధతినీ, 1978లో వాంకూవర్‌లో వైద్య పత్రికల సంపాదకులు కూర్చుని మొదలుపెట్టిన అంకెల పద్ధతినీ ఈరోజు జొటేరో అనే సాఫ్ట్‌వేర్ క్షణంలో ఒకదాన్నుంచి ఒకదానికి మార్చేస్తుంది. పైసా ఖర్చు లేదు, వాడండి. అయితే ఇంటిపేరు ఏదో జొటేరోకి తెలియదు.

అసలు చిక్కు అక్కడే. మనకి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. చివరి మాటే ఇంటిపేరని జర్నళ్లు అనుకుంటాయి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. ప్రపంచమంతా ఆయన్ని ‘సుబ్బారావు, వై.’ గానే ఉదహరించింది, యల్లాప్రగడ ఒక్క అక్షరమై మిగిలింది. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ‘రావు, సి.ఆర్.’ అయ్యారు. ఆ మహానుభావులు ఎలా రాసినా దొరుకుతారు. మన పిల్లల సంగతి వేరు. నెల్లూరు నుంచి వెళ్లే ఒక్క వ్యాసంలోనే ముగ్గురు రెడ్లు ఉంటారు. ఒకే మనిషి ఒక ఏడాది ‘రెడ్డి, పి.’, మరుసటి ఏడాది ‘ప్రసాద్, ఆర్.’, పెళ్లయ్యాక మరో పేరు. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు తన వ్యాసాలు తనవేనని కాగితాలు పట్టుకుని నిరూపించుకోవాల్సి వచ్చిన అమ్మాయిని నాకు తెలుసు. రాత్రింబవళ్లు గుంటల గట్ల మీద నీటి నమూనాలు తీసిన పిల్ల.

పరిశోధకులకి పదహారు స్థానాల గుర్తింపు సంఖ్య ఇచ్చే ఓర్కిడ్ 2012 నుంచి ఉంది. నమోదు ఉచితం. మొదటి వ్యాసం పంపకముందే మీ పేరు ఏ వరసలో, ఏ స్పెల్లింగుతో ఉండాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి, ఆ సంఖ్య తీసుకోండి, ఇక మార్చకండి. ఇతరుల పేర్లు రాసేటప్పుడు కూడా ఒక్కసారి అసలు వ్యాసం తెరిచి, వాళ్లు తమ పేరు ఎలా రాసుకున్నారో చూసి రాయండి.